ఇంజిన్ దెబ్బ

బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో త్రినాథరావు పేరు తెలియనివాళ్లు ఉంటారేమో గానీ, ఇంజిన్ దెబ్బ తెలియనివాళ్లు లేరు. మొన్న మొన్న బదిలీ మీద వచ్చిన గార్డు గారి పిల్లలు కూడా వారం తిరక్కుండా అది నేర్చుకుని, క్వార్టర్ల మెట్ల మీద ఒకరినొకరు గుద్దుకుని మోకాళ్లు చీరుకున్నారు. అది కబడ్డీలో ఒక దెబ్బ. కూతకొచ్చినవాడు వెనక్కి తిరిగే క్షణం కనిపెట్టి, మూల నుంచి దూసుకొచ్చి, మడిచిన మోచేతిని మెడ పక్కన దించడం. దించినవాడు త్రినాథరావు, పడినవాడు గోవిందరావు. అది జరిగి ముప్పై ఏళ్లయింది.

ఇద్దరూ ఎలక్ట్రిక్ లోకో షెడ్డులో ఫిట్టర్లుగా ఒకే ఏడాది చేరారు. ఇద్దరి తాతలూ టెక్కలి వైపు నుంచి రైలు కూలీలుగా వచ్చినవాళ్లే. మూడు తరాలు ఇక్కడే పుట్టి పెరిగినా ఇంట్లో 'ఏటి', 'ఎందుకేటి' పోలేదు. బయట హిందీ, ఇంట్లో తెలుగు, కోపం వస్తే రెండూ. గోవిందరావు కూతకెళ్తే అవతలివాళ్లకి దడ. రైల్వే జోన్ జట్టులో అతని పేరు ఖాయమని షెడ్డంతా అనుకుంటున్న రోజులవి. అలాంటి సమయంలో కాలనీ ఫైనల్లో ఇద్దరూ ఎదురెదురు జట్లలో పడ్డారు. చివరి కూతలో త్రినాథరావు మోచెయ్యి లేచింది. రిఫరీ పాయింటు ఇచ్చాడు. జనం త్రినాథరావుని భుజాల మీద ఎక్కించుకుని బుధవారీ బజారు దాకా ఊరేగించారు. గోవిందరావుని రిక్షాలో ఆసుపత్రికి తీసుకెళ్లారు. రెండూ ఒకే గేటులోంచి వెళ్లాయి.

మూడు నెలల తర్వాత గోవిందరావు మెడకి పట్టీతో షెడ్డుకొచ్చాడు. కుడిచెయ్యి భుజం దాటి పైకి లేవదు. కుడి పక్కకి చూడాలంటే మనిషి మొత్తం తిరగాలి. ఫిట్టర్ పని పోయి హాజర్లు రాసే టైం ఆఫీసులో కుర్చీ వచ్చింది. ఆ రోజు త్రినాథరావు ఎదురెళ్లి నిలబడ్డాడు. గోవిందరావే అన్నాడు: "ఆటలో అయింది, పోనీరా."

అమ్మయ్య, బతికిపోయాను అనుకున్నాడు త్రినాథరావు. బతికిపోవడం అంత తేలికైతే ఇంకేం కావాలి!

మరుసటేడు ఫైనల్ రోజున, కప్పులివ్వడం అయిపోయి టీలు వచ్చేలోగా, ఇన్‌స్టిట్యూట్ క్లబ్బు సెక్రటరీ రమణమూర్తికి సరదా పుట్టింది. పుడుతుంది మరి, మెడ అతనిది కాదు కదా. మైకు పట్టుకుని, "త్రినాథన్నా, గోవిందన్నా, ఆ ఇంజిన్ దెబ్బ ఒక్కసారి చేసి చూపించండి, చూడనివాళ్లు చూస్తారు" అన్నాడు. ఇద్దరూ మొహమొహాలు చూసుకున్నారు. గోవిందరావు నవ్వుతూ లేచాడు. కబడ్డీ కబడ్డీ అంటూ మెల్లగా వచ్చాడు, త్రినాథరావు మెల్లగా మోచెయ్యి మెడకి తాకించాడు, గోవిందరావు "ఓలమ్మో!" అని కాళ్లు పైకెత్తి పడ్డాడు. జనం పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. ఆ ఏడాదితో అది ఆనవాయితీ అయి కూర్చుంది. కరోనా వచ్చిన రెండేళ్లు తప్పిస్తే ఏటా అదే మనిషి అదే మనిషి చేత దెబ్బ తిని పడుతున్నాడు. దెబ్బ తిన్నవాడి చేతే దాన్ని వేషం కట్టించిన ఊరు ఇంకోటి ఉంటే చూపించండి!

త్రినాథరావు భార్య ఉషారాణి మాత్రం ఫైనల్ రోజు మైదానానికి రాదు. "ఆయన అలాగ పడతుంటే నాను చూడనేను" అంది ఒకసారి.

"వాడే నవ్వుతున్నాడు కదే, నీకేటి?" అన్నాడు త్రినాథరావు.

"నవ్వక ఏటి చేస్తాడు?" అందామె. ఆ తర్వాత ఆ సంగతి ఇంట్లో రాలేదు.

గోవిందరావు కూతురు తనూజ. తల్లి ఒళ్లో కూర్చుని నాన్న పడుతుంటే చప్పట్లు కొట్టిన పిల్ల, ఐదేళ్లకే "నేనూ వేస్తాను దెబ్బ" అని మ్యాట్ మీదికి పరిగెత్తిన పిల్ల, ఇప్పుడు కాలనీ ఆడపిల్లల జట్టుకి కెప్టెన్. ఎడమ మూల ఆమెది. వయసు ఇరవై నాలుగు నిండాయి, వచ్చే జనవరిలో ఇరవై ఐదు నిండుతాయి. అవి దాటితే ఆటగాళ్ల కోటాలో రైల్వే ఉద్యోగానికి తలుపు మూసినట్టే. గోవిందరావుకి రెండేళ్లలో రిటైర్‌మెంటు, ఆపైన క్వార్టర్ ఖాళీ చెయ్యాలి. ఈసారి కాలనీ టోర్నమెంటు చూసి, ట్రయల్స్‌కి పిలవాల్సినవాళ్ల పేర్లు రాసుకోవడానికి జోన్ నుంచి ఇద్దరు పెద్దమనుషులు వస్తారని కబురొచ్చింది. అది వినగానే ఆ ఇంట్లో ప్రెషర్ కుక్కర్ ఈల వేసినా ఉలిక్కిపడే పరిస్థితి వచ్చింది.

త్రినాథరావు మోకాళ్లు అరిగాక ఆట మానేసి రిఫరీ అయ్యాడు. పరీక్ష రాసి, కార్డు తెచ్చుకున్న రిఫరీ. రక్తసంబంధీకులు ఆడే ఆటకి విజిల్ పట్టకూడదన్నది కాలనీ కట్టుబాటు. తనూజ మావయ్యా అని పిలుస్తుందే గానీ చుట్టరికం ఏమీ లేదు. ఫైనల్ అతనికే పడింది.

టోర్నమెంటుకి పది రోజుల ముందు కమిటీ కూర్చుంది. కొత్తగా చేరిన సభ్యుడు ప్రతాప్, బొగ్గు కంపెనీలో ఇంజనీరు, కరీంనగర్ వైపు మనిషి, నెహ్రూ నగర్‌లో ఉంటాడు. అతనికి అమెరికా ఫుట్‌బాల్ పిచ్చి. ఎవరి పిచ్చి వారికి ఆనందం అనుకుంటూ అందరూ సమోసాలు తింటుండగా అతను ఫోను తీసి త్రినాథరావు ముందు పెట్టాడు. తలకి ఇంత లావు హెల్మెట్లు, భుజాలకి దిండ్లు కట్టుకున్న మనుషులు. ఒకడు బంతి కోసం పైకెగిరాడు. ఇంకొకడు పక్క నుంచి వచ్చి తలతో తలని గుద్దాడు. ఎగిరినవాడు నేల మీద పడి, కాసేపటికి లేచి, చెయ్యి ఊపాడు. ఈలోగా రిఫరీ పసుపు రుమాలు ఒకటి విసిరి పారేశాడు.

"అది ఫౌలన్నట్టు సార్" అన్నాడు ప్రతాప్. "ఒకప్పుడు అక్కడ గూడ గిట్లనే ఉండె. గసొంటి దెబ్బలన్నీ ఏరి, వీడియోలు జేసి అమ్మేటోళ్లంట. జనం ఎగబడి కొన్నరు. తర్వాత ఆటగాళ్లు ముసలోళ్లయినంక మతిమరుపులు, తలనొప్పులు వచ్చినై. ఇప్పుడు తలకు కొడితే పెనాల్టీ, జుర్మానా, మరీ ఎక్కువైతే ఆట నుంచి ఎల్లగొడ్తరు."

"పడినోడు లెగిసాడు కదా?" అన్నాడు త్రినాథరావు.

"లేస్తే ఏంది సార్? లేశిండా లేదా అని జూడరు. కొట్టింది ఏడ అనే జూస్తరు."

త్రినాథరావు ఇంకోసారి వెయ్యమన్నాడు. మూడోసారీ వెయ్యమన్నాడు. నాలుగోసారి అడగబోయి, రమణమూర్తి తనవైపే చూస్తున్నాడని ఊరుకున్నాడు. ప్రతాప్ ప్రతిపాదన పెట్టాడు: మన టోర్నమెంటులో మెడకి గానీ తలకి గానీ కావాలని దెబ్బ వేస్తే, హెచ్చరికలు లేవు, నేరుగా ఎర్ర కార్డు, ఆట నుంచి బయటికి. అందరూ తలలూపారు. రూలంటే పక్కింటివాళ్లకి కదా, ఊపడానికి ఏం పోయింది! కెప్టెన్లందరి చేతా కాగితం మీద సంతకాలు పెట్టించారు. తనూజ కూడా పెట్టింది, తెలుగులో కాదు, హిందీలో.

మర్నాడు షెడ్డులో టీ వేళకి గోవిందరావు వచ్చి పక్కన కూర్చున్నాడు. త్రినాథరావు కుడి పక్కన ఉన్నాడు గనక గోవిందరావు బెంచీ మీద మనిషి మొత్తం తిరిగి మాట్లాడాడు. ముప్పై ఏళ్లుగా అలాగే మాట్లాడుతున్నాడు. ఆ రోజు అది త్రినాథరావు కంటికి కొత్తగా కనబడింది. లేచి, గ్లాసు పట్టుకుని, ఎడమ పక్కకి వచ్చి కూర్చున్నాడు.

"ఏటయింది?" అన్నాడు గోవిందరావు.

"ఎండగా ఉంది అటు" అన్నాడు. అటు ఎండ లేదు.

ఫైనల్ ఆదివారం మధ్యాహ్నం. కాలనీ ఆడపిల్లలకీ, పక్కనున్న మస్తూరీ ఊరి పిల్లలకీ. మస్తూరీ జట్టు అంటే వరికోతలకి వెళ్లొచ్చి సాయంత్రం సాధన చేసే పిల్లలు. వాళ్లలో ఖిలేశ్వరి అనే పొట్టి పిల్ల కూతకొస్తే చేపలా జారిపోతోంది. జోన్ నుంచి వచ్చిన ఇద్దరూ గొడుగు కింద కుర్చీల్లో నోటుబుక్కు పట్టుకుని కూర్చున్నారు. తనూజ మొదటి సగంలో నలుగురిని చీలమండలు పట్టి పడేసింది. చక్కటి పట్లు, వంక పెట్టడానికి లేదు. నోటుబుక్కు తెరుచుకోవడం, అందులో ఒక పేరు పడటం కాలనీ మొత్తం చూసింది. గోవిందరావు నిలబడే ఉన్నాడు, కూర్చోలేకపోతున్నాడు.

ఆఖరి రెండు నిమిషాలు. చెరి ఇరవై ఏడు. ఖిలేశ్వరి కూతకొచ్చింది. కుడి మూలకి వెళ్లినట్టు వెళ్లి, ఒకర్ని తాకి వెనక్కి తిరిగింది. గీత రెండడుగుల్లో ఉంది. ఎడమ మూల నుంచి తనూజ వచ్చింది. నడుం పట్టుకోవచ్చు, తొడ పట్టుకోవచ్చు, దారి ఉంది. త్రినాథరావుకి ఆ దారి కనిపించింది. కానీ తనూజ మోచెయ్యి మడత పడటం కూడా కనిపించింది, అదీ ఖిలేశ్వరి ఇంకా తిరుగుతుండగానే. ఎక్కడ పడుతుందో అతనికి ముందే తెలుసు. తెలిసినవాడు ఆ మైదానంలో అతనొక్కడే.

ఖిలేశ్వరి బోర్లా పడింది. మైదానం లేచి నిలబడింది. "ఇంజిన్ దెబ్బ! ఇంజిన్ దెబ్బ!" అని అరుపులు, ఈలలు. గొడుగు కింద ఇద్దరిలో ఒకాయన చప్పట్లు కొట్టాడు. విజిల్ వినపడి అందరూ అది పాయింటే అనుకున్నారు. ఐదు లెక్కపెట్టేలోపు ఖిలేశ్వరి లేచింది, మెడ ఒకసారి రుద్దుకుంది, "కుఛ్ నహీఁ హువా సర్, మైఁ ఠీక్ హూఁ" అంది నవ్వుతూ.

త్రినాథరావు చెయ్యి జేబులోకి వెళ్లింది. ఆకుపచ్చ కార్డు తీస్తే హెచ్చరికతో సరిపోతుంది, ఒక్కరూ నోరెత్తరు. పిల్ల లేచింది. పడిన పిల్లే ఏమీ కాలేదంటోంది. తనూజ ఉద్యోగం నోటుబుక్కులో ఉంది. గోవిందరావుకి తను బాకీ ఉన్నదేదైనా ఉంటే తీర్చుకునే రోజు ఇదే కదా, ఎందుకీ పట్టుదల? ఇన్నీ అతని బుర్రలో తిరిగాయి. ఇంకొకటి కూడా తిరిగింది. ఆ రోజు వేసిన మోచెయ్యీ ఇదే, పడిన చోటూ ఇదే. గోవిందరావు లేవలేదు, ఈ పిల్ల లేచింది. తేడా అదొక్కటే. లేచారా లేదా అని చూసి తీర్పు చెప్తే అది మోచేతి మీద తీర్పు కాదు, మెడ గట్టిదనం మీద తీర్పు.

ఎర్ర కార్డు తీసి పైకెత్తాడు.

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత మొదలైంది. "అరే యే క్యా హై!" అని ఒకడు, "కళ్లు దొబ్బాయేటి?" అని ఇంకొకడు. ఎవరో నీళ్ల సీసా విసిరారు. తనూజ నడుం మీద చేతులు పెట్టుకుని ఎదురుగా నిలబడింది. "మావయ్యా, తను లెగిసింది కదా" అంది. అతను చెయ్యి దించలేదు. ఆమె మ్యాట్ దిగి బెంచీ మీద కూర్చుని మొహం తువ్వాలులో పెట్టుకుంది. ఆరుగురితో ఆడి కాలనీ జట్టు రెండు పాయింట్లతో ఓడిపోయింది. గొడుగు కింద పెద్దాయన పెన్ను తీసి నోటుబుక్కులో ఆ పేరు మీద ఒక గీత గీశాడు. ఇద్దరూ కప్పుల దాకా ఆగలేదు, రైలు టైమవుతోందని వెళ్లిపోయారు.

గోవిందరావు కూతురి పక్కన కూర్చుని ఉన్నాడు. త్రినాథరావు వైపు తిరగలేదు. అతను తిరగాలంటే మనిషి మొత్తం తిరగాలి గనక తిరగలేదని బాగా తెలుస్తోంది.

కప్పులిచ్చారు. మస్తూరీ పిల్లలు తప్ప ఎవరూ చప్పట్లు కొట్టలేదు. వాతావరణం ఇలా ఉంటే ఎలా అనుకున్నాడో ఏమో, రమణమూర్తి మైకు అందుకున్నాడు. "సరే సరే, గెలుపోటములు దైవాధీనాలు! ఇప్పుడు మనందరం ఏడాదంతా ఎదురు చూసేది! ఇంజిన్ దెబ్బ! త్రినాథన్నా, గోవిందన్నా, రండి రండి!"

కొందరు నవ్వారు. కొందరు వద్దన్నట్టు చెయ్యి ఊపారు. గోవిందరావు లేచాడు. అలవాటు ఎంత పాడుది! చెప్పులు విప్పి, ఆ నవ్వు ఒకటి తెచ్చిపెట్టుకుని, మ్యాట్ మధ్యకొచ్చాడు. "రారా, తొందరగా కానిచ్చీ" అన్నాడు నేల చూస్తూ.

"నాన్నా, ఆగు."

తనూజ మ్యాట్ మీదికి వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి, గొంతు మాత్రం నిలకడగా ఉంది. రమణమూర్తి చేతిలో మైకు ఆన్‌లోనే ఉంది గనక ఆమె మాటలు మైదానమంతా వినపడ్డాయి.

"మావయ్యా, నేను చేసింది ఏటి?"

"ఫౌలమ్మా" అన్నాడు త్రినాథరావు.

"ఎర్ర కార్డు ఫౌలా?"

"ఎర్ర కార్డే."

"ప్రతి ఏడాది మా నాన్న మీద మీరు చేసి చూపించేది ఏటి మరి? నేను బయట ఎక్కడా నేర్చుకోలేదు. యహీఁ సీఖా, ఇదే మ్యాట్ మీద, మీరు చేస్తుంటే. అందరూ తాలియాఁ కొట్టారు. అన్నిటికంటే మంచి దెబ్బ ఇదే అన్నారు. నేను చేస్తే నౌకరీ పోయింది. మీరు చేస్తే కప్పు వచ్చింది. మీది ఫౌల్ కాదేటి?"

ఎక్కడో ఒకడు నవ్వబోయి ఆగిపోయాడు. త్రినాథరావుకి ఎన్నో సమాధానాలున్నాయి. అప్పట్లో ఆ రూలు లేదనొచ్చు. రిఫరీ పాయింటు ఇచ్చాడనొచ్చు. ఆటలో అయిందనొచ్చు, ఆ మాట గోవిందరావే ఇచ్చాడు కదా, ముప్పై ఏళ్లుగా తను దాని నీడనే ఉన్నాడు. రమణమూర్తి చేతిలోంచి మైకు తీసుకున్నాడు.

"ఫౌలే" అన్నాడు. మైకు నోటికి దగ్గరగా పెట్టుకుని మళ్లీ అన్నాడు. "ఫౌలే తల్లీ. ఆ రోజు రిఫరీ ఇవ్వలేదు, నేను చెప్పలేదు. ఆటలో అవలేదు అది. మీ నాన్న అటు తిరిగినప్పుడు మెడ మీద వేస్తే ఇంక లెగడని నాకు తెలుసు. తెలిసే వేశాను. జోన్ జట్టులో వాడి పేరు వస్తాదని నాకు కడుపుమంట. కప్పిచ్చారు, తీసుకున్నాను. బజారు దాకా మోశారు, మోయించుకున్నాను."

గోవిందరావు మొహం మీద ఆ తెచ్చిపెట్టుకున్న నవ్వు ఇంకా అలాగే ఉంది, దాన్ని ఏం చెయ్యాలో అతనికి తెలియలేదు. కాసేపటికి అది దానంతటదే పోయింది. మనిషి మొత్తం తిరిగి త్రినాథరావుని చూశాడు.

"ఒరే త్రినాథూ, ఆటలో అయిందని ఆ రోజు నేనెందుకన్నానో తెలుసేటి? నువ్వు కాదంటావని. కాదురా, నేనే చేశానని ఒక్క మాట అంటావని చూశాను. నువ్వు హమ్మయ్య అనుకుని ఎల్లిపోయావు. సరే అనుకున్నాను. పై ఏడాది పిలిచారు, పడ్డాను. నవ్వారు. అందరూ నవ్వుతుంటే నేనొక్కణ్ణీ ఏడిస్తే బాగోదని నేనూ నవ్వాను. అంతే, ఇంక ఆపడం నా వల్ల కాలేదు. నువ్వయినా ఆపలేదు." కూతురి వైపు ఒకసారి చూసి, మళ్లీ త్రినాథరావుతో అన్నాడు: "నువ్వు కొట్టి నేర్పావు, నేను నవ్వి నేర్పాను. దండగ ఈ ఆడగుంట కట్టింది."

త్రినాథరావు చెయ్యి చాపాడు. పట్టుకోవడానికో, క్షమించమనడానికో అతనికే తెలియదు. గోవిందరావు దాన్ని పట్టుకోలేదు, తోసెయ్యనూ లేదు. తనూజ వచ్చి తండ్రి పక్కన నిలబడింది.

రమణమూర్తి ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. అతనికి పాపం కార్యక్రమం కాగితం తప్ప ఇంకేమీ తోచదు. "మరి... గోవిందన్నా... ఈసారికి..." అన్నాడు.

"ఈసారికి కాదు" అన్నాడు గోవిందరావు. "ఇంక నేను పడను."